అడ్డాకు చిమ్మట ఇల్లు కుప్పలో కాదు, వాగు పక్కన

నా పేరు పైడమ్మ. వయసు డెబ్బైకి రెండు తక్కువ. దువ్వాడ స్టేషను వెనక పెద్దకొడుకు, కోడలు, నేను, ఒక మేక. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే పురుగుల గురించి చదివే కాలేజీ మేడం రాస్తోంది. ఈ చిమ్మటను చూడాలని పద్మనాభం కొండకు వెళ్లేవాళ్లకు దారి తెలియాలి. దాన్ని ముందు చూసిందెవరో కూడా తెలియాలి.

పద్మనాభంలో ఉండే నా తోటికోడలు సూరమ్మ దాన్ని మేడంకి చూపించిందనీ, మేడం సూరమ్మ పేరు పుస్తకంలో ఎక్కించుకుందనీ విన్న పూట నాకు అన్నం సహించలేదు. పెళ్లి విస్తర్లు కుట్టేటప్పుడు తెల్లగీతలున్న అడ్డాకు ఏరి పారేయమని సూరమ్మకు నేర్పింది నేను. లోపల పురుగు తొలిచిన చోట ఆకు పలచబడి చారు కారిపోతుంది. పారేసిన ఆకుల్లోంచి బియ్యపుగింజలో సగం లేని వెండిరెక్కల చిమ్మట లేవడం ముందు చూసిందీ నేనే.

ఆరుగంటల పాసింజరులో విశాఖ వచ్చి, బస్టాండులో పద్మనాభం బస్సెక్కాను. ఎందుకెళ్తున్నానని కండక్టరు నూకరాజు అడిగితే పురుగు కోసమన్నాను.

"మా ఇంటికి రాయే అమ్మా, బియ్యంలో బోలెడున్నాయి" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు.

పదికి చేరేసరికి సూరమ్మ ఇంటి పెరట్లో ఆకుల కుప్ప ముందు సూరమ్మ, మేడం ఉన్నారు. చిమ్మట ఉండేది ఆ కుప్పలోనేనని సూరమ్మ చెప్పిందట, మేడం అలాగే రాసుకుందట.

"కుప్పలో ఏటుంటాదే? అది పుట్టింది మనం ఆకు కోసిన కొండవాగు కాడ. మర్సిపోనావా?" అన్నాను.

"మోకాళ్లు పోయి నాలుగేళ్లయ్యింది అక్కా. నాకిప్పుడు ఈ కుప్పే కొండ."

మేడం కళ్లు చెమర్చాయి. సూరమ్మకెప్పుడూ అంతే, ఒక్క మాట అని జాలంతా ఎత్తుకుపోతుంది.

మేడంని అరగంట కొండ ఎక్కించి వాగు దగ్గర నీడలో అల్లుకున్న అడ్డతీగ చూపించాను. ఆకును ఎండకెత్తితే గీత చివర పురుగు కదిలింది. పక్క ఆకు కింద చిమ్మట. మేడం దాన్ని గాజుసీసాలో పట్టింది.

కిందికొచ్చి మూత తీయగానే అది ఎగిరి సూరమ్మ నెరిసిన జుట్టు మీద వాలింది. సూరమ్మ ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఇన్నేళ్లలో నా మీద అది అంతసేపు ఎప్పుడూ వాలలేదు. చెబుతుంటే ఇప్పుడూ కడుపు మండుతోంది. అయినా సూరమ్మ పేరు కొట్టేయమనలేదు. నా పేరు పైన రాయమన్నాను.

వెళ్లేవాళ్లు పదకొండులోపు వాగు చేరండి. ఆకును తీగ మీదే ఎండకెత్తి చూడండి, తుంచకండి.

పైడమ్మ వేలిముద్ర.
సాక్షులు: కండక్టరు నూకరాజు, ఐదుగంటల బస్సు ఆపించి పెట్టించిన సంతకం.
సూరమ్మ వేలిముద్ర, నా ముద్రకు కింద.