చెల్లెలి కోసం ఆగిన చోటు

సగమే ఎత్తిన సైకిలు షాపు షట్టరు కిందనుంచి మొదట చక్రం చప్పుడొస్తుంది. వాన వెలిశాక కూడా చూరు వదలని చినుకుల్లా, టిక్కు టిక్కుమని. ఆ తర్వాత కనిపిస్తుంది అక్క, ముక్కాలిపీట మీద కూర్చుని, తిరిగే చక్రంలో వంకర వెతుకుతూ. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. ఆమెను మొట్టమొదట అలా పిలిచిన మనిషి మాత్రం ఈ వీధికి రాదు.

అప్పట్లో సైకిలు పందేల్లో అక్క పని గెలవడం కాదు. చెల్లెలికి ముందు తొక్కుతూ గాలినంతా తన రొమ్ముతో చీల్చాలి. ఆ చాటున బలం దాచుకుని, చివర్లో చెల్లెలు దూకుతుంది. "నీ వీపు చూసీ చూసీ నీ మొహం మర్చిపోయానే" అని ఏడిపించేది చెల్లెలు.

ఒకసారి వారం రోజుల పందెంలో, మొత్తం లెక్కలో చెల్లెలే ముందుంది. ఆఖరి రోజు కోచ్ అక్కని ఎరగా వదిలాడు. ఆమె గుంపులోంచి విడివడి పారిపోతే, తరుముతూ మిగతా జట్లు అలిసిపోవాలి. ఎవరూ తరమలేదు. అక్కని లెక్కచేసేదెవరు? చివరి కొండ ఎక్కేసరికి వెనక గుంపు జాడే లేదు. రోడ్డంతా ఆమెదే. జన్మలో ఎన్నడూ గెలుపు గీత ముందుగా దాటని మనిషికి, ఆ గీత కొండకు అవతలే ఉంది.

అప్పుడు చెవిలో రేడియో గరగరలాడింది. చెల్లెలు వెనకబడిందట, ఆగి లాక్కురమ్మన్నాడు కోచ్.

అక్క కాలు కింద పెట్టింది.

గుంపు రంగుల వరదలా ఆమెను దాటిపోయింది. వెనకబడ్డవాళ్లు ఒక్కొక్కరే రొప్పుతూ దాటారు. ఆ తర్వాత ఖాళీ రోడ్డు. చివరికి జట్టు కారొచ్చింది. వెనక సీట్లో, మోకాలి మీద ఐసు సంచీతో చెల్లెలు. కొండ మొదట్లోనే పందెం వదిలేసిందట. అక్కని ఆగొద్దనమని కోచ్ చేత రేడియోలో అరిపించిందట. ఈసారి రేడియో అందక, ఆ అరుపు కొండ ఎక్కలేదు.

"ఇంకా ఇక్కడే ఉన్నావేంటే అక్కా" అంది చెల్లెలు. అని, కారు అద్దం ఎత్తేసుకుంది.

అక్క పల్లెత్తు మాట అనలేదు. అదే చెల్లెలి గుండెలో ముల్లయింది. ఎదురుపడితే తల దించుకునేది. తర్వాత ఫోనెత్తడం మానేసింది. ఆ తర్వాత ఊరే మారిపోయింది.

విన్నవాళ్లు చేజారిన గెలుపు కోసం అయ్యో అంటారు. అక్క మళ్లీ చక్రం తిప్పుతుంది. అడగ్గా అడగ్గా, ఆఖర్న ఇంతే చెప్పింది:

"నేను గెలవాల్సిందండీ. అప్పుడు దానికి నా మీద కుళ్లుండేది. కుళ్లుంటే, వచ్చి నాలుగు తిట్టన్నా పోయేది."