అత్తయ్య పాకం ఏమంటోంది?

మా అత్తయ్యకి ఒక్కటే జబ్బు. తన చేతి జామ్ గానీ షర్బత్ గానీ ఎవరైనా నోట్లో వేసుకుని మౌనంగా మింగేస్తే ఆవిడ భరించలేదు. చెంచా నోట్లోంచి బయటికి రాకముందే నడుం మీద చెయ్యి పెట్టుకుని, "మింగావు సరే, ఏమంటోంది?" అని నిలదీసేది. బాగుంది అంటే ఒప్పుకునేది కాదు. "బాగుందని నువ్వంటున్నావు. అదేమంటోంది?" అది అంటే సీసాలోది. కళ్ళు మూసుకుని, వీధి చివరికి వినపడేలా, పులుపు ముందొచ్చిందో తీపి ముందొచ్చిందో, గొంతులో చివరికి ఏం మిగిలిందో చెప్పి తీరాలి. చెప్పినదాంట్లో వంక ఉంటే, సరిచూడ్డానికి ఇంకో గ్లాసు. అందుకని వంక పెట్టడం మేమంతా ఎప్పుడో మానేశాం.

బతుకుతెరువుకి ఆవిడది కుట్టుపని. ఆకులు పండి రాలడం మొదలవగానే మిషన్ మీద దుప్పటి కప్పేసి అడవి పళ్ళ మీద పడేది. ఆ రోజుల్లో ఆవిడ కుట్టిన తెల్లచొక్కాలన్నీ జేబు మీద ఊదారంగు వేలిముద్రతో ఇళ్ళకి చేరేవి. "ఈ మరక పోతుందా అమ్మా?" అని ఒకాయన అడిగితే, "దానికేం భయం లేదు బాబూ. చొక్కా పోతుంది గానీ రంగు పోదు" అని ధైర్యం చెప్పి పంపింది.

కాలేజీ నా తెలివిని తట్టుకోలేక మధ్యలోనే నన్ను వదిలేసింది కాబట్టి, తెల్లవారేసరికి ఖాళీగా దొరికే మేధావిని వీధి మొత్తానికి నేనొక్కణ్ణే. అందుకే బుట్ట నాకిచ్చేది. ఊరు దాటి వాగు గట్టు ఎక్కేసరికి పొగమంచు. ఎలాంటి మంచనుకున్నారు? బుట్టని దానికే తగిలించి రెండు చేతులా పళ్ళు కోసేవాణ్ణి. ఒకసారి మంచు విడిపోయి బుట్ట నెత్తిన పడింది కూడా. నమ్మకపోతే మీ ఖర్మ.

అత్తయ్య మాత్రం ఆ మంచులో వేరే మనిషైపోయేది. గొంతు తగ్గించేది. గొడుగు తెరిచి, తలకిందులుగా కొమ్మకి తగిలించి, కొమ్మని మెల్లగా ఊపేది. చిట్టి ఆపిళ్ళు గుడ్డ మీద టప్ టప్‌మని రాలేవి, నిద్రలో ఎవరో తలుపు తట్టినట్టు. ముళ్ళపొదల్లో నల్లపళ్ళ దగ్గర నేను గబగబా లాగుతుంటే చేతి మీద కొట్టేది. "ఒరేయ్ అల్లుడూ, లాగకురా. ముట్టుకోగానే చేతిలోకి రావాలి. రాలేదంటే దానికింకా ఇష్టం లేదన్నమాట." వాగు కనపడేది కాదు, చప్పుడు మాత్రం పక్కనే నడిచేది. తడిసిన ఆకుల వాసన ఒంటికి పట్టేది. నాకు కాస్త కునుకొచ్చేది. కునుకులో కూడా పళ్ళు కోసేవాణ్ణి, అవి మేలుకుని కోసినవాటికన్నా తియ్యగా ఉండేవి.

ఇంటికి రాగానే కుట్టుగది వంటగది అయిపోయేది. అడవి గులాబీ కాయల్లోని నూగుని కుట్టు ఊడదీసే కొక్కెంతో గీకేది. రసాన్ని కోటు లైనింగు గుడ్డలో వడగట్టేది. కిటికీలో వరసగా పెట్టిన సీసాల్లోంచి మధ్యాహ్నపు ఎండ దూరి గోడ మీద ఎర్రగా, పసుపుగా, ఊదాగా కదులుతుంటే, ఆ గదిలోకి ఎందుకొచ్చామో మరిచిపోయి కూర్చునేవాళ్ళం.

మరిచిపోయినా వదిలేది కాదు, అది వేరే సంగతి. కోటు కొలత చూసుకోవడానికి వచ్చిన ఒకాయన చంకల నిండా గుండుసూదులతో, చేతులు బారచాపి నిలబడి ఉన్నాడు. నోట్లో చెంచా పెట్టింది.

"ఏమంటోంది?"

"పులుపు... పులుపంటోందమ్మా."

"ముందా, వెనకా?"

"సూదులు తీస్తే చెప్తాను తల్లీ!"

"చెప్తే తీస్తాను నాయనా."

రోజూ సాయంత్రం మాత్రం ఒక నిండు సభ. మొదటి చెంచా నాది. వీధిలో నాలాంటి నాలుక ఇంకోటి లేదు మరి. తరవాత పోస్ట్‌మ్యాన్, తరవాత ట్యూషన్ చెప్పే టీచరమ్మ. అందరికన్నా ఆఖర్న ఎదురింటి బేకరీ బాబాయ్. ఆ వరస మారడానికి వీల్లేదు. ఒకరోజు బాబాయ్ తొందరగా వచ్చి చెంచా అందుకోబోతే, "ఆగు తమ్ముడూ, పెద్ద పండితుడు ఇంకా రాలేదు" అని కూర్చోబెట్టింది. పెద్ద పండితుణ్ణి నేనే.

అలాంటి రోజుల్లో పిడుగులాంటి మాట విన్నాం. బాబాయ్ బేకరీ అమ్మేస్తున్నాడు. ఎందుకని అడిగితే, "చెయ్యాలని లేదు" అంటాడు, అంతే. తెల్లవారుజామున భట్టీ వెలిగితే వీధంతా వెచ్చబడేది. పోస్ట్‌మ్యాన్ చేతులు అక్కడే కాచుకునేవాడు. ఆ చోట చెప్పుల దుకాణం వస్తుందట. కొనేవాడు టేపు పట్టుకుని కొలతలకి కూడా వచ్చాడు.

కొలతలంటే అత్తయ్య ఊరుకుంటుందా? ఆ సీజనుకి ఆఖరి పళ్ళు, చిట్టి ఆపిళ్ళూ నల్లపళ్ళూ కలిపి పెద్ద గిన్నెలో పొయ్యి మీద మరుగుతున్నాయి. వాటినలా వదిలేసి వీధి దాటింది.

"టేపు అలాగేనా పట్టుకునేది? ఇలా తెండి. గోడ వంకరగా ఉంది, కనపడ్డం లేదా? ఈ గదిలో చెప్పులు పెడితే అవీ వంకరపోతాయి."

అరుగు కొలిచింది, గుమ్మం కొలిచింది, ఆయన నడుం కూడా కొలిచింది. ఆయన పాపం ఏ కొలత దేనిదో తెలియక మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

ఆవిడ తిరిగొచ్చి గిన్నె దింపేసరికి మేమంతా చేరాం. అంతకుముందు రోజు వాగులో పడ్డందువల్ల (చేప ఒకటి కాలు పట్టి లాగింది) నాకు పడిశం. ముక్కు పూర్తిగా మూతపడింది. అయినా పరువుంది కదా. గ్లాసు ఎత్తి గుటక వేసి కళ్ళు మూసుకున్నాను.

"ఏమంటోంది?"

"వెన్నెల అంటోంది అత్తయ్యా."

పోస్ట్‌మ్యాన్ ఒక్క గుక్కలో తాగాడు. "వెన్నెలేనండి. నిండు వెన్నెల."

టీచరమ్మ సవరించింది. "నిండు వెన్నెల కాదు. మబ్బు పక్కనున్న వెన్నెల."

బాబాయ్ వంతు వచ్చింది. రోజూ మా మాటలే కలిపి ఒక ముద్ద చేసి చెప్పేవాడు. ఆరోజు గుటక వేసి ఆగిపోయాడు. మళ్ళీ తాగాడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏమంటోంది తమ్ముడూ?"

"అడుగంటింది అక్కా."

నేను లేచి నిలబడ్డాను. "బాబాయ్! మా అత్తయ్య గిన్నె అడుగంటడమా? ఇన్నేళ్ళలో ఎన్నడైనా—"

"నువ్వు నోర్ముయ్యి" అంది అత్తయ్య. "తమ్ముడూ, ఇంకోసారి అను."

"అడుగంటింది. కొంచెమే."

"ఏది మాడింది?"

"ఆపిల్ తొక్క. నల్లపళ్ళు బాగానే ఉన్నాయి. కొస నాలుక మీద పులుపు కూడా తెలుస్తోంది."

"మళ్ళీ అను!"

అని ఆవిడ గుడ్డల మూట మీద కూలబడి పకపకా నవ్వడం మొదలుపెట్టింది. మతి పోయిందనుకుని టీచరమ్మ మంచినీళ్ళు తెచ్చింది. పోస్ట్‌మ్యాన్ గిన్నెలో గరిటె పెట్టి అడుగు గీకితే నల్లటి పొర వచ్చింది. అప్పుడు వాళ్ళిద్దరూ తాగి చూస్తే, నిజమే, పొగ. వంక పెట్టడం మానేశామని చెప్పానుగా, ఏం తాగుతున్నామో పట్టించుకోవడం కూడా మానేసి చాలాకాలమైంది.

బాబాయ్ అప్పుడు చెప్పాడు. మూడేళ్ళ కిందట వచ్చిన జ్వరంతో వాసన, రుచి రెండూ పోయాయట. నోట్లో ఏం పెట్టుకున్నా అట్టముక్కే. ఒక తెల్లవారుజామున పంచదార బదులు ఉప్పు పోసి బన్నులు చేశాడు. దుకాణం తెరవగానే వచ్చింది అత్తయ్య. ఒకటి కొరికి, ఒక్క మాటనకుండా తట్టలన్నీ తనే కొనేసింది. రుచి తెలియని వాడి దగ్గర బన్ను ఎవరు కొంటారని ఆయన భయం. ఎవరికీ తెలియనివ్వనని ఈవిడ పంతం. ఏదో ఒక పులుపు, ఏదో ఒక వగరు ఆయన నాలుకని తట్టి లేపకపోతుందా అని అడవంతా గాలించి కాచింది. ముందు మా అందరిచేత అరిపించేది, ఆఖర్న ఆయన ఏదో ఒకటి అనడానికి వీలుగా.

నాకప్పుడు తెలిసింది నా ఉద్యోగమేమిటో. చదువుకునే రోజుల్లో నేను చూసి రాయని కాగితం లేదు. నా కాగితంలో చూసి రాసినవాడు మాత్రం లోకంలో ఆయనొక్కడే.

బాబాయ్ చటుక్కున లేచి దుకాణంలోకి పరిగెత్తాడు. మేమూ వెనకాలే. ఆరోజు బన్ను ఒకటి తీసి కొరికి, నమిలి, నమిలి, మా వైపు చూశాడు.

"ఇదేమిటి?"

బన్నుని రెండుగా చీల్చి లోపల వాసన చూశాడు.

"ఉప్పు లేదు, తీపి లేదు, ఏమీ లేదు! పొరపాటు జరుగుతుందని భయపడి ఆ డబ్బాలే ముట్టుకోవడం మానేశాను. మూడేళ్ళుగా ఇదా మీరు తింటున్నది?"

"తినొచ్చండి" అన్నాడు పోస్ట్‌మ్యాన్ నేల చూపులు చూస్తూ. "జామ్ ఉంటుంది కదా."

"ఆ జామ్ ఇంటింటికీ ఊరికే ఎవరిచ్చారు?" అని టీచరమ్మ అత్తయ్య వైపు తిరిగింది. అత్తయ్య టేపు చుట్టుకుంటూ పైకప్పు వంక చూస్తోంది.

కొలతల ఆయన గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. బాబాయ్ ఆయనకి దణ్ణం పెట్టాడు. "మీరు వెళ్ళిరండి. ఇలాంటి బన్నులు చేశాడన్న పేరు మిగుల్చుకుని దుకాణం మూశానంటే, నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

మర్నాడు మంచులో భట్టీ ఎర్రగా వెలిగింది. పిండి చిటికెడు నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, ఉప్పు డబ్బా అందుకుంటున్న మనిషిని కిటికీ అద్దంలోంచి చూస్తూ అత్తయ్య చాలాసేపు నిలబడింది. ఒక్క ప్రశ్నా అడగలేదు. మొదటి బన్ను పోస్ట్‌మ్యాన్‌కి దక్కింది. ఆవిరి ఊదుకుంటూ తిన్నాడు, పెదాలు నాక్కున్నాడు, ఆలోచించాడు.

"ఏమనుకోకండి బాబాయ్‌గారూ" అన్నాడు, "పాతవి అలవాటైపోయాయి. అవి మరి రెండు లేవా?"

బాబాయ్ రొట్టెలు తీసే చెక్క పార ఎత్తాడు. పోస్ట్‌మ్యాన్ సంచీ వదిలేసి మంచులోకి పరిగెత్తాడు. ఆరోజు వీధిలో ఉత్తరాలన్నీ నేనే పంచాను. ఒక్కటి కూడా తప్పు గుమ్మానికి వెళ్ళలేదని చెబితే మీరు నమ్మరు.