డుగుడుగు లేని బండి

పాత డీజిల్ వ్యాన్ ఇంజిన్ చేతులెత్తేసిన రోజు నుంచి మా ఇంట్లో రెండు పార్టీలు. మా ఆయనది డీజిల్ పార్టీ, నాది కరెంటు పార్టీ. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాట పాడి చేపలు కొని, ఐసు వేసుకుని, మధురవాడ అపార్ట్‌మెంట్ల దగ్గర అమ్ముకోవడం మా బతుకు. బోటు మీద పెరిగిన మనిషికి డీజిల్ వాసన లేనిదే బండి బండిలా కనపడదు.

“ఐసు పెట్టెల్తో ఎండాడ ఎత్తు ఎక్కుద్దేటే ఈ బొమ్మబండి? దార్లో సార్జింగ్ అయిపోతే నువ్వు తోత్తావా, నాను తొయ్యాలా?” అనేవాడు.

“మనం తిరిగీది మధురవాడకి బావా, కలకత్తాకి కాదు. మజ్జాన్నం ఇంటికొచ్చి ప్లగ్గెడితే తెల్లారీసరికి నిండిపోద్ది. మెకానిక్కు కాళ్లట్టుకోనక్కర్లేదు” అనేదాన్ని. చివరికి నా మాటే నెగ్గింది. నెగ్గిందని వాడంతా చెప్పుకు తిరిగాను కూడా.

మొదటిరోజు కొత్త కరెంటు బండి ఎండాడ ఎత్తు హాయిగా ఎక్కేసింది. మా ఆయన మాత్రం సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా చప్పుడు లేదని కంగారుపడి, స్టార్ట్ చేద్దామని తాళం తిప్పి, నడిచే బండిని ఆపేసేవాడు. వెనకాలవాళ్లు తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే బాగోదు.

మధురవాడలో గేటు ముందు ఆగి తలుపులు తెరిచాం. అపార్ట్‌మెంట్లలోంచి ఒక్కరూ కిందికి దిగలేదు. ఐసు నీరైపోతోంది. అప్పుడు వెలిగింది నాకు. ఇన్నాళ్లూ వాళ్లు దిగింది మా పాత ఇంజిన్ డుగుడుగు విని. మేం ఎవరినీ పిలిచిందీ లేదు, ఫోన్ నంబర్లు తీసుకుందీ లేదు. హారన్ కొడితే వాచ్‌మన్ వచ్చి పిల్లలకి పరీక్షలని కసిరాడు. ఇవాళ దిగకపోతే రేపు వీళ్లు ఫోన్లోనే చేపలు తెప్పించుకుంటారు, ఇక మా మొహం చూడరు. నిజంగా భయమేసింది.

“డీజిల్ బండైతే అదే పిలిసీది” అన్నాడు ఆయన, స్టీరింగ్ మీద గడ్డం ఆనించి నవ్వుతూ. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకని సామెత. నాకు తోడికోడలు కూడా అక్కర్లేకపోయింది, నవ్వే పని మొగుడే చూసుకున్నాడు.

మా అమ్మ పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల వీధుల్లో గంప నెత్తిన పెట్టుకుని, కేకేసి చేపలమ్మేది. బడిలో పిల్లలు ఆ కేక వేసి నన్ను ఏడిపించేవారు. చచ్చినా వీధిలో గొంతెత్తనని ఒట్టు పెట్టుకున్నాను. ఐసు కరిగిపోతుంటే ఒట్టు ఎక్కడ నిలుస్తుంది? కొంగు బిగించి, బండి దిగి, తల పైకెత్తాను.

“సేపలో... సేపలమ్మా... కోనాం, కానాగంతలో...”

బాల్కనీ తలుపులు తెరుచుకున్నాయి. ఒక్కొక్కరే గిన్నెలు పట్టుకుని దిగారు. తూకం వెయ్యమందామని తిరిగి చూస్తే, మా ఆయన బండి దిగి నిలబడిపోయి ఉన్నాడు. మొహాన నవ్వు లేదు. మా అమ్మ ఆయనకి సొంత మేనత్త, పోయి ఏడాది కూడా కాలేదు.

“అత్తే వచ్చిందనుకున్నానే” అన్నాడు మెల్లగా. “ఇంకోపాలి పిలు.”

కొనేవాళ్లందరూ అప్పటికే దిగేశారు. అయినా పిలిచాను.