ప్రాసెసర్‌కి బొట్టు పెట్టిన ఏడాది

పసుపు కుంకుమలతో కంప్యూటర్‌ను చంపినవాడు కృష్ణా జిల్లా మొత్తం మీద నేను కాక ఇంకొకడెవడైనా ఉంటే, దయచేసి వాడి అడ్రసు ఇప్పించండి. ఇద్దరం కలిసి ఒక సంఘం పెట్టుకుంటాం. అంతవరకూ ఆ ఘనత నాదొక్కడిదే. అయినా పోయింది కంప్యూటర్ ఒక్కటే అయితే ఇలా కూర్చుని రాసేవాణ్ణి కాదు. దాని వెనకాలే నా పరువు కూడా పోయింది. అదీ ఒక బారసాలలో, నిండు పందిట్లో, జనం విస్తళ్ళ ముందు కూర్చునే వేళకు.

అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. గవర్నరుపేటలో మెట్ల కింద ఒక చిన్న గదిలో వీడియో మిక్సింగ్ యూనిట్ నడిపేవాణ్ణి. పెళ్ళిళ్ళలో కెమెరావాళ్ళు తీసిన గంటల కొద్దీ వీడియోని కోసి, అతికించి, పాటలు తగిలించి పెళ్ళివారికి ఇవ్వడం నా పని. పని వచ్చు. రోగమల్లా ఒక్కటే, నాకు పెళ్ళిళ్ళ మీద కంటే ప్రాసెసర్ల మీద మోజు ఎక్కువ. పొద్దున్నే లేచి దేవుడి పటం చూడకముందే ఫోనులో ఏ ప్రాసెసర్‌కి బెంచ్‌మార్కు పరీక్షలో ఎన్ని మార్కులొచ్చాయో చూసేవాణ్ణి. టీకొట్టు దగ్గర జనం ఎన్నికల గురించి మాట్లాడుకుంటుంటే నేను మధ్యలో దూరి కోర్ల గురించి ఎత్తుకునేవాణ్ణి. విజయవాడ వాళ్ళు మర్యాదస్తులు కాబట్టి, టీ అయిపోయేదాకా విని వెళ్ళిపోయేవారు.

కోర్లంటే ఏమిటో తెలియనివారి కోసం ఒక్క ముక్క. ప్రాసెసర్ కంప్యూటర్‌కు మెదడు. కోర్లు అందులో పనివాళ్ళు. గ్రాఫిక్స్ కార్డు బొమ్మల పని చూసుకునే మేస్త్రీ. ఇంతకు మించి మీరు తెలుసుకోవలసిన అవసరం లేదు. ఇంతకు మించి తెలియడం వల్లే నా కొంప మునిగింది.

ఆ ఏడు మార్గశిరంలో చల్లపల్లి దగ్గర జరిగిన ఒక పెళ్ళి నా చేతికొచ్చింది. పెళ్ళికూతురు లావణ్య. తండ్రి కోటేశ్వరరావు గారు, రొయ్యల చెరువుల రైతు. ఆయనకు ఒక్కగానొక్క కూతురు. కెమెరావాళ్ళు ఫోర్ కేలో తీశారు, అంటే బొమ్మ మామూలు కంటే నాలుగింతలు పెద్దది. నా పాత కంప్యూటర్ దాన్ని మోయలేక ఆయాసపడేది. పెళ్ళికొడుకు తాళి ఎత్తిన చెయ్యి పెళ్ళికూతురి మెడ దాకా చేరేలోపు నేను వెళ్ళి టీ తాగి వచ్చేవాణ్ణి. అలాగని ఆగిపోవలసిన పని కాదది. వీడియోకి చిన్న సైజు కాపీ చేసుకుని, దాని మీద కోతలన్నీ కోసుకుని, చివర్లో అసలు బొమ్మకి తగిలిస్తే నెలలో తేలిపోతుంది. లోకంలో బోలెడంతమంది అలాగే చేస్తారు. ఆ బోలెడంతమందిలో ఒకణ్ణయితే నా గొప్పేముంది?

కోటేశ్వరరావు గారు ఒకరోజు స్వయంగా గదికి వచ్చారు. కుర్చీ లేక, ప్రింటర్ అట్టపెట్టె మీద కూర్చున్నారు.

"ఎప్పటికి ఇస్తారండీ బాబూ?"

"ఒక్క రెండు నెలలు ఆగండి. కొత్త ప్రాసెసర్ వస్తోంది. దాని మీద చేస్తే మీ అమ్మాయి పెళ్ళి సినిమాలా ఉంటుంది."

"ఇప్పుడున్న దాని మీద చేస్తేనో?"

"పెళ్ళిలా ఉంటుంది."

"మాది పెళ్ళేగా బాబూ" అన్నారాయన.

నేను జాలిగా నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఉగాదికి ప్రాసెసర్ వచ్చింది. మా వీధిలో కంప్యూటర్ షాపు నడిపే రమణ ఫోన్ చేసి, ఒక్కటే ఉంది, వచ్చి పట్టుకెళ్ళమన్నాడు. మరి దానికి తగ్గ గ్రాఫిక్స్ కార్డు ఏదని అడిగాను. ఇంకా రాలేదన్నాడు. వాన రాకడ, ప్రాణం రాకడ అని పెద్దలన్నారు గానీ, పాపం వాళ్ళకి గ్రాఫిక్స్ కార్డు రాకడ సంగతి తెలియదు. ఎండాకాలంలో ఆ కార్డు కూడా వచ్చింది. ఈలోగా నాకు ఇంకో సంగతి తెలిసింది. అదే కార్డుకి జ్ఞాపకశక్తి పెంచి ఇంకో రకం తెస్తున్నారట. ఇప్పుడు కొన్నవాడు వెర్రివాడని ఫోనులో ఒకాయన అరగంటసేపు చెప్పాడు. ఆయనెవరో నాకు తెలియదు, కోటేశ్వరరావు గారు తెలుసు. నేను తెలియనాయన మాట విన్నాను.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు. ప్రాసెసర్ల లోకంలో ఆ రెండోవాడు ఎప్పుడూ వచ్చే నెలలో వస్తాడు. నేను ఆ వచ్చే నెల కోసం కాచుక్కూర్చున్నాను. చిన్న చిన్న ఓణీల ఫంక్షన్లూ, పుట్టినరోజులూ పాత మిషను మీదే లాగించాను. ఈ పెళ్ళి మాత్రం పాత మిషను మీద చెయ్యడమంటే పట్టుచీరని బండకేసి బాదడమేనని నమ్మాను.

సరే, ఇక కొనేద్దామనుకునేసరికి ఆషాఢం వచ్చింది. మా అమ్మ అడ్డుపడింది. "ఆషాఢంలో కొత్త వస్తువేంట్రా, నెలాగితే కొంపేం మునగదు" అంది. ఇంకొకడైతే వాదించేవాడు. నాకు మాత్రం ఆ మాట తేనెలా అనిపించింది, ఎందుకంటే ఆ నెలలోనే ధరలు తగ్గుతాయని వినికిడి. బెంచ్‌మార్కునీ పంచాంగాన్నీ ఒకేసారి నమ్మేవాడు ఈ జన్మలో ఏ పనీ మొదలుపెట్టలేడని అప్పటికింకా తెలియదు. శ్రావణం వచ్చింది, మంచి రోజులు వచ్చాయి, వాటితోపాటు దసరాకి ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ ఉందన్న వార్త కూడా వచ్చింది.

నెలనెలా కోటేశ్వరరావు గారు ఫోన్ చేసేవారు. ఎప్పుడూ గొంతు పెంచలేదు. కానీ ఒక్కో ఫోనులో ఒక్కో ముక్క బయటపడేది. లావణ్య అత్తగారిది గుడివాడ. పెద్ద కోడలి పెళ్ళి వీడియో నెల తిరక్కుండా వచ్చిందట. ఇంటికొచ్చిన చుట్టాలు రెండో కోడలి పెళ్ళి వీడియో వెయ్యమంటే, "వాళ్ళ నాన్నగారికి ఇంకా తీరిక కాలేదు లెండి" అని ఆ అత్తగారు కోడలి ముందే అనడం మొదలుపెట్టిందట. మొదట నెలకోసారి, తర్వాత వారానికోసారి. లావణ్య వంటింట్లోకి వెళ్ళిపోయేదట. ఇంత విన్నాక కూడా నేను ఆయనకి కోర్ల సంఖ్య చెప్పాను.

ఈలోగా ప్రకృతి ఏ కొత్త మోడల్ కోసమూ ఆగలేదు. లావణ్యని ఏడో నెలలో పుట్టింటికి తీసుకొచ్చారు. దసరా ఇంకా కొన్నాళ్ళుందనగా ఆడపిల్ల పుట్టింది. కోటేశ్వరరావు గారు ఫోన్ చేసి ఆ కబురు చెప్పి, అసలు సంగతికి వచ్చారు.

"దసరా వెళ్ళిన నాలుగోనాడు బారసాల బాబూ. వియ్యాలవారంతా వస్తారు. ఆ రోజు పందిట్లో తెర కట్టి పెళ్ళి వీడియో వేస్తానని మా వియ్యపురాలికి మాటిచ్చాను. ఐదో నెలలో పిల్ల మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాలి. ఈ దెప్పుడు మాట మోసుకుంటూ వెళ్ళకూడదండీ."

మొదటిసారి నాకు భయమేసింది. మహర్నవమి నాడు పరుగున వెళ్ళి అంతా కొనేశాను. పాత కంప్యూటర్‌ని ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశాను. కొత్త మిషను చూసి నాకే ముచ్చటేసింది. ఈ వేగానికి మూడు రోజులు చాలు, ఒక రోజు మిగిలినా మిగులుతుందని లెక్కేసుకున్నాను.

మర్నాడు దసరా. బెజవాడలో ఆ రోజు బొట్టు లేని యంత్రం ఉండదు. ఆటోకీ బొట్టే, జిరాక్స్ మిషనుకీ బొట్టే, చివరికి దోసెల పెనానికీ బొట్టే. మా అమ్మ పళ్ళెంలో పసుపు, కుంకుమ, గంధం పట్టుకుని గదికి వచ్చింది. వచ్చి ఆ పెట్టెకి పైన బొట్టు పెట్టబోయింది. అక్కడితో వదిలేస్తే ఈ కథే లేదు.

"అది ఉత్త రేకు డబ్బా అమ్మా. అసలు శక్తంతా లోపలుంది" అన్నాను.

అని, ఏడాదిపాటు నేర్చిన విద్యనంతా చూపిస్తూ డబ్బా విప్పాను. ప్రాసెసర్‌ని బయటికి తీసి తమలపాకు మీద పెట్టాను. అమ్మ భక్తిగా గంధం పూసి కుంకుమ పెట్టింది. హారతిచ్చింది. అంతా అయ్యాక అమాయకంగా అడిగింది.

"ఇది కూర్చునే చోటేదిరా?"

చూపించాను.

"పీటకి పసుపు రాయకుండా దేవుణ్ణి కూర్చోబెడతామా?"

ఆ పీట మీద వెంట్రుక కంటే సన్నటి తీగలు వెయ్యికి పైగా ఉంటాయి. చిటికెన వేలు తగిలినా వంగిపోతాయి. ఆ సంగతి గవర్నరుపేట మొత్తంలో నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. కానీ హారతి వెలుగులో అది నాకూ పీటలాగే కనిపించింది. "కొంచెం వెయ్యమ్మా" అన్నాను. అమ్మది పెద్ద చెయ్యి.

పసుపు పడగానే నాకు మెలకువ వచ్చింది. వచ్చినవాణ్ణి ఊరుకోవచ్చుగా, భుజం మీద తువ్వాలు తీసి గబగబా తుడిచాను. తీగలన్నీ గాలివానకి వరిచేను పడుకున్నట్టు ఒకవైపుకి పడుకున్నాయి. అయినా ఆశ చావక ప్రాసెసర్‌ని పెట్టి బిగించి స్విచ్ వేశాను. ఫ్యాన్ ఒకసారి తిరిగింది, ఆగింది. తర్వాత ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. "కొబ్బరికాయ కొట్టలేదు, అందుకేనేమో" అంది అమ్మ.

ఏకాదశి నాడు రమణ షాపు తెరవగానే పట్టుకెళ్ళాను. భూతద్దం పెట్టి చూసి, "ఇది పసుపాండీ?" అన్నాడు. అవునన్నాను. "లోపలికెలా వెళ్ళింది?" అన్నాడు. వారంటీ కాగితం తీసి, "కారణం అని ఒక గడి ఉందండీ, ఏం రాయమంటారు" అని నిజంగానే అడిగాడు. ఆ పీట ఉండే బోర్డు కొత్తది హైదరాబాదు నుంచి రావడానికి వారం పైనే పడుతుందన్నాడు. పోనీ నా పాత మిషను తిరిగి ఇవ్వమన్నాను. అది మొన్న సాయంత్రమే ఎవరో స్కూలువాళ్ళు కొనుక్కుపోయారట. చాలా బాగా పనిచేస్తోందని ఫోన్ కూడా చేశారట.

పక్క వీధిలో ఇంకో యూనిట్‌ ఉంది. ఆయన మిషను ఒక రెండు రోజులు అడుగుదామని వెళ్ళాను. ఆయన మిషను పాతదని నేను ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ణి. "మాది పాతదండీ, మీ ఫోర్ కేకి ఆనదు" అని తలుపు దగ్గరగా వేశాడు. ఆయన్ని తప్పుపట్టలేను.

ఫోనులో చెప్పే ధైర్యం లేక, బారసాల రోజు పొద్దున్నే ఒట్టి చేతులతో చల్లపల్లి బస్సెక్కాను. ఉయ్యూరు దాకా కరెంటు మీద నెపం వేద్దామనుకున్నాను. కూచిపూడి దాటేసరికి కాళ్ళ మీద పడడమే నయమనిపించింది. ఒక పెద్దమనిషి పదిమందిలో మాట తప్పబోతున్నాడు, ఒక బాలింత ఆ దెప్పుడు మోసుకుంటూ అత్తారింటికి వెళ్ళబోతోంది. అంతా నా మూలాన. ఆ బస్సులో నాకు నిజంగా ఏడుపొచ్చింది.

పందిరి దగ్గరికి వెళ్ళేసరికి తెర మీద పెళ్ళి నడుస్తోంది.

నేను గుంజ పట్టుకుని నిలబడిపోయాను. అది లావణ్య పెళ్ళే. తాళి కట్టే చెయ్యి ఎక్కడా ఆగకుండా మెడ దాకా వెళ్ళింది. తండ్రి పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకోవడం, అత్తగారు తలంబ్రాలప్పుడు నవ్వడం, ఎక్కడ ఏది ఉండాలో అక్కడ అది ఉంది. ముందు వరసలో గుడివాడ వియ్యపురాలు తనని తాను తెర మీద చూసుకుని కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. చివర్లో అక్షరాలు పడ్డాయి. ఎడిటింగ్, సుధాకర్ గారు, విజయవాడ. సుధాకర్ అంటే నేనే. జనం చప్పట్లు కొట్టారు.

కోటేశ్వరరావు గారు నన్ను పక్కకి తీసుకెళ్ళారు. పెళ్ళి మర్నాడే కెమెరావాళ్ళు అలవాటు ప్రకారం, తీసిందంతా ఒక కాపీ ఆయన డిస్కులో వేసి ఇచ్చారట. పుట్టింటికి వచ్చాక లావణ్య, డిగ్రీలో వాడిన పాత ల్యాప్‌టాప్ తీసి, చిన్న సైజు కాపీ చేసుకుని, ఫోనులో చూసి నేర్చుకుంటూ కోసుకుందట. వేడెక్కితే పక్కన టేబుల్ ఫ్యాను పెట్టుకుందట. శ్రావణానికే అయిపోయిందట.

"మరి నాకు ఫోన్లు ఎందుకు చేశారండీ?" అన్నాను.

"మీరు చేస్తానన్నారుగా బాబూ. మాటిచ్చినవాళ్ళని అడగకపోతే చిన్నబుచ్చుకుంటారని."

గదిలో పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న లావణ్య దగ్గరికి వెళ్ళాను. మీ పేరు కాకుండా నా పేరెందుకు వేశారని అడిగాను. ఆమె మొహంలో కోపం కూడా లేదు.

"నా పేరు వేస్తే, వీడియో చేయించలేక కూతురితో చేయించుకున్నారంటారండీ మా అత్తగారు. పెద్ద ఊళ్ళో పనివాడి పేరుంటే ఆ మాట రాదు. మీ పేరు అందుకే పనికొచ్చింది."

ఇంతలో ఆ అత్తగారే లోపలికొచ్చారు. "ఏడాది పట్టిందంటే పట్టదూ మరి, అంత పనితనం. ఏ మిషను మీద చేశారండీ?" అన్నారు. లావణ్య నా వంక చూసింది. కోర్ల గురించి రోజంతా చెప్పగలిగిన నోరు నాది.

"పాత ల్యాప్‌టాప్ మీదండీ" అన్నాను. "పక్కన టేబుల్ ఫ్యాను పెట్టుకుని."

"చెయ్యి తిరిగినవాళ్ళకి మిషనుతో పనేముంది" అన్నారావిడ. అక్కడికక్కడే తన అన్నగారి కొడుకు పెళ్ళి కూడా నాకే ఒప్పచెప్పారు. కోటేశ్వరరావు గారి దంపతులు నన్ను పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, కొత్త బట్టలు పెట్టారు. నేను తల వంచుకుని తీసుకున్నాను. భోజనం కూడా చేశాను, అదీ రెండుసార్లు పెరుగు వేయించుకుని.

అందుకని పాఠక మహాశయులారా, కృష్ణమ్మ సాక్షిగా, నిండు స్పృహతో ప్రమాణం చేస్తున్నాను. ఇంకా పుట్టని మిషను కోసం పుట్టిన పనిని ఇక ఎన్నడూ ఆపను. ఆపితే జనం తిడతారని కాదు, తిడితే దులుపుకుని పోవచ్చు. ఆ పని వాళ్ళే చేసేసుకుని, కింద నా పేరు వేస్తారు.