బూజే కదండీ

తిరువూరులో మేము అద్దెకున్న ఇంటి యజమానిని తలచుకుంటే ముందుగా ఆయన బొటనవేలే జ్ఞప్తికి వస్తుంది. పడకగది గోడపై నల్లగా వ్యాపించిన మచ్చను ఆ వేలితో ఒకసారి రుద్ది, కండువాకు తుడుచుకొని, "బూజే కదండీ మాస్టారూ!" అనేవారు.

మన భాషలో సాలీడు అల్లినదీ బూజే, చెమ్మకు మొలిచినదీ బూజే. ఆ ఒక్క మాట ఆయనకు చాలినంత ఆశ్రయమయింది. మేడమీది పైపు కారి గోడ నానిపోతున్నదని నా కోడలు మొరపెట్టుకుంటే, ఆయన బూజుకర్ర పంపించారు.

ఆ వానాకాలమంతా నా మనుమరాలు ఆయాసంతో కూర్చునే నిద్రపోయింది. గోడమీది ఆ బూజు పిల్ల ఊపిరికి పడటం లేదేమో, ఇల్లు మార్చి చూడమన్నాడు వైద్యుడు. ఆ మాట చెప్పగా యజమాని నవ్వారు.

"మా పిల్లలు ఈ గదిలోనే పెరిగారండీ. పాపకి ఐస్‌క్రీములు మానిపించండి."

"గోడక్కూడా ఐస్‌క్రీం పెట్టామాండీ, అలా కారుతోంది?" అన్నది నా కోడలు.

ఆయన వేలు తుడుచుకొని వెళ్ళిపోయారు. మేము ఇల్లు ఖాళీ చేశాము.

మరచిన కుర్చీ కోసం కొన్నాళ్ళకు వెళ్ళేసరికి గోడ కొత్త రంగుతో మెరుస్తున్నది. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒక ఇల్లాలికి యజమాని గది చూపిస్తున్నారు.

"ఈ గదిలో బూజు ఉన్నదమ్మా, బిడ్డకు మంచిది కాదు" అన్నాను.

ఆమె తలెత్తి పైకప్పు మూలలన్నీ వెదకింది.

"ఎక్కడా లేదే బాబాయిగారూ! శుభ్రంగా దులిపించారుగా!"

యజమాని నావైపు చూచి, ఏ మచ్చా అంటని బొటనవేలిని కండువాకు తుడుచుకున్నారు.