నేను నున్నగా దిద్దిన అల

ఇరవై ఏళ్ళ వయసులో మనిషికి తెలియనిదంటూ ఉండదు. ఆ రోజుల్లో నాకైతే మరీనూ. లెక్కల్లో బి.ఏ. ప్యాసై, దొరతనం వారు అరకు కొండల్లో వేయిస్తున్న రోడ్డు సర్వేకి అప్రెంటీసుగా వచ్చి, గుడారంలో దోమలతో కాపురం చేస్తున్నాను. పగలల్లా కూలీల చేత కొలత గొలుసు లాగించడం (నేను లాగేది లేదు, లాగించడమే), తీరిక దొరికితే పక్కనున్న గెడ్డలో, అంటే కొండవాగులో, వరద అల ఎలా నడుస్తుందో లెక్క కట్టడం. లోతు తక్కువ నీటిలో అల నడకకి పెద్దలు రాసిన సమీకరణాలు అదివరకే ఉన్నాయి, వాటిని విప్పడమే కష్టం. లోతుని బట్టి వేగం మారుతుంది, వేగాన్ని బట్టి లోతు మారుతుంది, ఒకదాన్ని పట్టుకుంటే రెండోది జారిపోతుంది. నెల్లాళ్ళు కుస్తీ పట్టి ఒక్క వరసలో ఒదిగే జవాబు సాధించాను. మా ఓవర్సీరు గారికి చూపిస్తే, "బాగుందోయ్, కల్వర్టు ఎక్కడ కట్టాలో చెబుతుందా?" అన్నారు. చెప్పదు.

నా పాపమంతా ఇక్కడుంది. ఆ జవాబు ప్రకారం బొమ్మ గీస్తే, అల శిఖరం దగ్గర లోతెక్కువ కనక అది ముందున్న నీటికన్నా జోరుగా పరిగెత్తి, దాన్ని అందుకుని, అల ముఖం నిట్టనిలువుగా గోడలా లేచింది. నీళ్ళు గోడ కడతాయా, నా మొహం! ఎక్కడో తప్పు చేశాననుకున్నాను. ఎంత వెతికినా తప్పు దొరక్క, పెన్సిలుతో ఆ గోడని నున్నగా, వాలుగా దిద్దేశాను. (చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో!) ఆ వాలు ప్రకారం గెడ్డలో నీళ్ళు ముందు చీలమండలకి, తరవాత మోకాళ్ళకి, తీరిగ్గా పెరగాలి.

ఓ సంతనాడు పైకొండ మీద ఉరిమింది. సంత నుంచి తిరిగొస్తున్న జనం గెడ్డ ఇవతలే కూలబడి, చుట్టలు ముట్టించి, నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తున్నారు. మా కూలీలూ వాళ్ళతోబాటే. గెడ్డలో చూస్తే పాదాలు తడిసేన్ని నీళ్ళే. చోడి (రాగి) విత్తనాల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఓ ముసలమ్మని, "దాటవేం పెద్దమ్మా? నిప్పు మింగేవాళ్ళకి నీళ్ళంటే భయమా?" అన్నాను.

"నీళ్ళొచ్చి ఎల్లిపోనీ బాబూ."

"వస్తే మెల్లగా వస్తాయిగా!"

"మెల్లగా రావు. నిలబడొత్తాయి."

పదిమందిలో పగలబడి నవ్వాను. "నీళ్ళకి కాళ్ళున్నాయా?" అని కూడా అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతాయి. "ఏటి బాబూ, ఏటి సేత్తన్నావు? ఆ ఇత్తనం పోతే ఏడాది తిండి పోద్ది" అని ఆవిడ మొత్తుకుంటున్నా వినకుండా, బుట్ట లాక్కుని నెత్తిన పెట్టుకుని, "చూడండి!" అంటూ గెడ్డలోకి దిగాను.

సగం దాటానో లేదో ముందు చప్పుడొచ్చింది, తరవాత ఎండాకులు, వాటి వెనకాల నా నడుమెత్తున ఎర్రటి గోడ. అచ్చం నేను చెరిపేసిన బొమ్మే. ('అయితే లెక్క ఒప్పే!' అని ఆ క్షణంలో కూడా సంతోషించాను, సిగ్గులేనివాణ్ణి.) మరుక్షణం నా పిలక ఎవరి చేతిలోనో ఉంది. బుట్ట కోసం నా వెనకే పరిగెత్తుకొచ్చిన ముసలమ్మ పిలక పట్టుకుంటే, కూలీలు ఆవిణ్ణి పట్టుకుని, అందరూ కలిసి ఒడ్డుకి ఈడ్చారు. బుట్ట పోయింది. ఒక్క గింజ మిగల్లేదు. ఆవిడ నన్ను తిట్టలేదు, గెడ్డకేసి చూస్తూ నిలబడిపోయింది. తిట్టుంటే ఎంత బాగుండేది!

మర్నాడు ఊళ్ళోవాళ్ళు ఇంటికో దోసెడు విత్తనం పోగుచేసి కొండవాలులో ఆవిడ పోడు చేనుకి తీసుకెళ్ళారు. సాయం చేద్దామని నేనూ వెళ్ళాను గానీ, నా నెత్తికి బుట్ట ఎత్తడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. ఉండబట్టలేక ఆవిడ దగ్గర కూచుని అంతా ఒప్పేసుకున్నాను. "పెద్దమ్మా, నీళ్ళు నిలబడి వస్తాయనే నా లెక్క కూడా చెప్పింది. నేనే దిద్దేశాను."

ఆవిడ నోట్లోంచి చుట్ట తీసి నన్ను తేరిపార చూసింది.

"లెక్కా సెప్పింది, నేనూ సెప్పాను. మరి నువ్వెవలి మాట ఇన్నావు బాబూ?"

ఆ రోజు తలొంచుకుని లేచొచ్చేశాను. ఇప్పుడు చెప్పగలను. నా మాటే విన్నాను పెద్దమ్మా, ఆ కొండల్లో నాకన్నా తెలివైనవాడు లేడనుకుని. వినడానికి ఆవిడ ఇప్పుడు లేదు కనక, అప్పటి నాలోని ఆ పిలక కుర్రాడికే చెప్పి, ఒక్కణ్ణే నవ్వుకుంటూ ఉంటాను.