మాబున్నక్క పచ్చ పీలిక

మా ముత్తాత రాఘవయ్యగారు పల్లకీలో కదిలితే, దారి తప్పుకోమని కేకలేస్తూ ముందు ఇద్దరు మనుషులు నడిచేవారట. మా తాత వెంకటసుబ్బయ్యగారు ఏ కచేరి మెట్లూ ఎక్కి ఎరుగరు. మాది ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న ఆ రోజుల్లో తాలూకా అధికారులే మా ఇంటికి వచ్చి, మజ్జిగ తాగి, పని ముగించుకుని వెళ్లేవారు. అంతటి వంశంలో పుట్టిన నేను, తడిపిన గుడ్డ మీద ఇస్త్రీపెట్టె పెట్టినప్పుడు లేచే ఆవిరి వాసన తగిలితే చాలు, చప్పున లేచి నిలబడతాను. మొన్న మార్కాపురంలో బట్టల కొట్టు పక్కన టీ తాగుతూ అలాగే లేచాను. ఎవరైనా పెద్దమనిషి వస్తున్నాడేమోనని పక్కవాళ్లు కూడా లేచారు. ఎవరూ రాలేదు. నాకు మాత్రం మాబున్నక్క వచ్చినట్టే అనిపించింది.

తర్లుపాడులో మండలాఫీసుకు ఎదురుగా ఆమె కుట్టుమిషను దుకాణం ఉండేది. రవికలు కుట్టేది, ఇస్త్రీ చేసిచ్చేది. దుకాణం ముందు ఒక తీగ కట్టి దానికి గుడ్డపీలికలు వేలాడదీసేది. పచ్చ పీలిక ఉంటే తోటలకు డ్రిప్పు సబ్సిడీ అర్జీలు తీసుకుంటున్నట్టు, తెల్లది పింఛనుకు, నీలం పిల్లల చదువు డబ్బుకు. ఏ పథకం ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో ఊళ్లలో ఎవరికీ తెలిసేది కాదు. ఆటోలో పోయేవాళ్లు ఆ తీగను చూసి తెలుసుకునేవారు. ఒకసారి ఆమె ఎవరో పెళ్లికూతురి పచ్చ లంగా ఉతికి అదే తీగ మీద ఆరేసింది. మధ్యాహ్నానికి కొనకనమిట్ల దాకా కబురు పాకి రైతులు దుకాణం ముందు మూగారు. ఆమె తొణకలేదు. "పీలిక చూసి రావాల గాని, లంగా చూసి వస్తే ఎట్లనయ్యా? అంత పెద్ద పథకం ఏ ప్రభుత్వమిస్తాది?" అని వాళ్లనే కోప్పడింది.

పీలికల కంటే పెద్ద పని లోపల జరిగేది. అర్జీ పెట్టబోయేవాళ్లను ఆమె ముందు తన దుకాణంలో నిలబెట్టి, తాను ఆఫీసరై కూర్చునేది. భర్త పోయిన కొత్తలో పింఛను అడగడానికి వెళ్లి, గుమాస్తా "ఏంది?" అనగానే బెదిరి, "ఏం లేదు సార్, టైమెంతయింది?" అని అడిగి తిరిగొచ్చిందట. "టైము చెప్పినాడు పాపం, మంచోడే. పింఛను మాత్రం ఏడాది ఆలస్యమైంది" అనేది. ఆ రోజునుంచి తన గడప దాటినవాళ్లెవరూ ఆఫీసులో టైము అడగకూడదని ఆమె పట్టుదల. ఇందుకు ఆమె తీసుకునే ఫీజు ఒక్కటే. పనైనవాళ్లు వచ్చి, అక్కడ ఏమడిగారో, ఏమన్నారో చెప్పి పోవాలి.

మాకు మిగిలింది బత్తాయి తోట ఒక్కటే. కొన్నేళ్ల కిందట ఒక వేసవిలో బోరులో నీళ్లు సన్నబడ్డాయి. కాలువ కట్టి పారిస్తే సగం చెట్లకే అందుతున్నాయి. డ్రిప్పు వేయకపోతే తోట దక్కదు. సబ్సిడీ లేకపోతే డ్రిప్పు లేదు. అందుకని మా ఇంటి పద్ధతి ప్రకారం హార్టికల్చర్ ఆఫీసరును కాఫీకి రమ్మని కబురు పంపాను. వెండి గ్లాసులు తోమించి, ఇస్త్రీ పంచె కట్టుకుని పొద్దుగూకేదాకా వరండాలో కూర్చున్నాను. వాళ్లు రాలేదు. మరుసటి వారం మళ్లీ పిలిచాను. ఈలోగా చెట్ల ఆకులు ముడుచుకుపోయాయి. ఇక లాభం లేదని బయల్దేరాను. ఆఫీసు మెట్ల దాకా వెళ్లి, మా తాత ఎక్కని మెట్లు ఎక్కబుద్ధి కాక వెనక్కి తిరిగితే, ఎదురుగా పచ్చ పీలిక కనిపించింది.

"రా తమ్ముడూ, కాఫీ చల్లారిందా?" అంది మాబున్నక్క, ఇస్త్రీ చేస్తూనే. మా ఊళ్లో నన్ను తమ్ముడూ అన్నవాళ్లు లేరు. కుర్చీ కోసం చూశాను. ఉన్న ఒక్క కుర్చీలో ఆమే కూర్చుని, కళ్లద్దాలు ముక్కు మీదికి దించి, ఆఫీసరైపోయింది.

"ఏంది?"

"మా ముత్తాత రాఘవయ్యగారని..."

"ఆయనకు బోరుందా?"

"లేదు."

"బత్తాయి తోటుందా?"

"లేదు."

"మరి ఆయన్నెందుకు తీసుకొచ్చినావు? ఆటో చార్జీ దండగ. నీకేం కావాల?"

"తోటకు డ్రిప్పు ఏర్పాటు చేయించడం మీ శాఖకే గౌరవం."

పింఛను పాఠానికి వచ్చి కింద కూర్చున్న ఒక అవ్వ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. "అట్ల కాదు నాయనా. నా తోట ఎండిపోతాంది, నాకు డ్రిప్పు కావాల, అను. రెండు ముక్కలే గదా!" అంది.

మొదటి ముక్క అన్నాను. రెండోది 'డ్రిప్పు ఇప్పిస్తాం' అని వచ్చింది. మా ఇంట్లో 'ఇప్పిస్తాం' అన్న మాటే వాడుక. 'నాకు కావాలి' అనడం ఎవరూ నేర్పలేదు. "వెన్ను వంచబాక తమ్ముడూ, అది అట్లనే ఉండనీ. వంగాల్సింది నాలుకే" అంది అక్క. అవ్వ పింఛను పాఠం, ఇంకెవరిదో స్కాలర్‌షిప్ పాఠం మధ్యలో నన్ను మళ్లీ మళ్లీ నిలబెట్టింది. బట్టలు ఇస్త్రీ అవుతూనే ఉన్నాయి. చివరికి ఆ ఆవిరి వాసనలోనే అనేశాను. అవ్వ చప్పట్లు కొట్టింది.

వేడి చల్లారకముందే ఆఫీసులోకి నడిచాను. అక్కడొక చిన్న వయసు ఆఫీసరమ్మ తలెత్తి, "నమస్తే సార్, కూర్చోండి" అంది. నేను నిర్ఘాంతపోయాను. అక్క నేర్పిన పాఠంలో కుర్చీ లేదు. "కూర్చోను. నా తోట ఎండిపోతోంది. నాకు డ్రిప్పు కావాలి" అని గోడలు అదిరేట్టు అన్నాను. ఆమె ఉలిక్కిపడి, "దానికోసమే కదండీ మేమున్నది. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?" అంది. కాఫీకి పిలిచింది నేనేనని చెప్పలేదు.

ఫీజు చెల్లించడానికి తిరిగి వెళ్లాను. "ఏమన్నారు?" అంది అక్క.

"కూర్చోమన్నారు."

"అబద్ధం!" అంది ముందు. తర్వాత జరిగిందంతా నాచేత రెండుసార్లు చెప్పించుకుంది. మర్నాటికల్లా దుకాణంలోకి రెండో కుర్చీ వచ్చింది. మర్యాద చేస్తే కంగారు పడకుండా ఉండడం కూడా అందరికీ నేర్పడం మొదలుపెట్టింది.

అక్క పోయి రెండేళ్లవుతోంది. దుకాణం కోడలు నడుపుతోంది, తీగ అలాగే ఉంది. తర్లుపాడు వెళ్లినప్పుడల్లా ఆ అమ్మాయి, "మామా, ఆఫీసరుగా మీరే కూర్చోండి. మిమ్మల్ని దాటినోళ్లు కలెక్టరుకు గూడ జడవరు" అంటుంది. కూర్చుంటాను. వెన్ను నిటారుగా పెట్టి, "ఏంది?" అని గద్దిస్తాను. ఎదుటివాళ్లు తమకేం కావాలో నోరు తెరిచి అడిగేదాకా వదలను.

తోట దక్కింది. ఈ ఏడు కాపు బాగుంది. సబ్సిడీ పోగా రైతు కట్టాల్సిన వాటా కోసం ముత్తాతగారి పల్లకీ అమ్మాను. మార్కాపురంలో పెళ్లిసామాను అద్దెకిచ్చేవాళ్లు కొన్నారు.